ముంజేతి మీద మిరపకారం

ఆ మధ్యాహ్నం కళ్లంలో ఉన్నవాళ్లు: మిరపకాయలు ఏరే ఆడకూలీలు పదకొండు మంది, కాయల సొంతదారైన రైతు, కూలీలందరిలోకీ పెద్దదైన ఒక అవ్వ, ఆవిడ మనవరాలు, నేను. ఉన్నవి: అరెకరం మేర ఎండబోసిన ఎర్రటి కాయలు, పక్కన విడిగా తాలు కాయల కుప్ప (రంగుపోయి తెల్లబడ్డ కాయల్ని తాలు అంటారు), మూడు టార్పాలిన్లు, అందులో ఒకటి చిరిగింది, ఒక నీళ్ల బిందె, ఒక మజ్జిగ కుండ, ఒక అద్దె సైకిలు, నా భుజాన ఒక సంచి. సంచిలో ప్లాస్టిక్ స్కేలు, నీలం బాల్ పెన్ను, దూది. పైన, పడమటి వైపు, మబ్బు.

వీటన్నిటిలో పిలవకుండా వచ్చినవి రెండే: మబ్బు, నేను.

అప్పటికి గుంటూరులో ఒక మిషన్ ఆసుపత్రి ల్యాబులో టెక్నీషియన్‌గా చేరి ఏడాది అయింది నాకు. ఆసుపత్రికి ఆనుకుని నర్సింగ్ స్కూలు ఉండేది. కొత్త బ్యాచ్ ఈస్టర్ తర్వాత మొదలయ్యేది. సీటుకి ఎంపికైన అమ్మాయిలకి అంతకుముందే ఆరోగ్య పరీక్షలు చేసేవాళ్లం: ఎత్తు, బరువు, చూపు, రక్తం, క్షయ కోసం చేసే మాంటూ. చివరిది నా పని. క్షయ క్రిమి నుంచి తీసిన ప్రొటీన్‌ని, క్రిమిని కాదు, ప్రొటీన్‌ని మాత్రమే, ముంజేతి చర్మం పైపొరలోకి చుక్కంత ఎక్కించాలి. మూడో రోజున ఆ చోట ఎంత గట్టిపడిందో స్కేలుతో కొలవాలి. మా మేట్రన్ గారి నియమం ప్రకారం తొమ్మిది మిల్లీమీటర్ల దాకా ఫరవాలేదు. పదీ, ఆ పైనా వస్తే ఛాతీ ఎక్స్‌రే తీయించాలి, డాక్టరు గారు చూడాలి, ఆయన సరేనన్నాకే సీటు. పది దాటితే జబ్బు ఉన్నట్టేమీ కాదు. అయినా ఎక్స్‌రే వరసలో నిలబడి అది చేతికొచ్చేసరికి బ్యాచ్ మొదలైపోయేది. అలాంటివాళ్లు మరుసటి ఏటికి పోయేవారు.

ఆ ఏడు నేను పన్నెండు మందికి సూది వేశాను. మూడో రోజు పొద్దున పదకొండు మంది వచ్చారు. రాని అమ్మాయి నాకు బాగా గుర్తుంది. ప్రత్తిపాడు అవతల ఒక ఊరు. అమ్మమ్మ పెంచిన పిల్ల. ఇంటర్ పాసై ఏడాదైంది. కిందటేడు సీటు రాకపోతే ఆ ఏడాదంతా పత్తి తీసి, మిరపకాయ కోసి, మళ్లీ అర్జీ పెట్టుకుంది. సూది వేసిన రోజున పన్నెండు మందిలో ప్రశ్న వేసింది ఆమె ఒక్కతే. సూది గుచ్చుతుంటే మొహం తిప్పుకోకుండా చూసి, "ఇది లోపలికెళ్లి ఏం చేస్తుంది సార్?" అంది. నేను ఉత్సాహంగా మొదలుపెట్టాను. ఒక వాక్యం అయ్యేలోపు వెనకాల వరస గొణగడం మొదలైంది. మూడో రోజు వస్తావుగా, అప్పుడు చెప్తానన్నాను.

మేట్రన్ గారు గోడ గడియారం చూసి, సాయంత్రం అయిదింటికి పేర్లు పై ఆఫీసుకి వెళ్లిపోతాయని, రీడింగ్ లేని పేరు వెళ్లదని చెప్పారు. రేపటికి కొలత కుదరదు, వాపు దిగడం మొదలవుతుంది. నేను వెళ్లి కొలుచుకొస్తానన్నాను. ఆవిడ నన్ను కిందనుంచి పైకి ఒకసారి చూసి, "సరే వెళ్లు. సంఖ్య తీసుకురా. కథ తీసుకురాకు," అన్నారు.

బస్సులో ప్రత్తిపాడు దాకా, అక్కడ ఒక షాపులో సైకిలు అద్దెకి తీసుకుని ఊరిదాకా. ఇంటికి తాళం. పక్కింటావిడ కళ్లం వైపు చెయ్యి చూపించింది.

కళ్లం దగ్గరికి వెళ్లేసరికి అందరూ పరుగుల మీద ఉన్నారు. ఎండిన కాయ మీద నాలుగు చినుకులు పడితే చాలు, రంగు పోతుంది, మచ్చలు పడతాయి, పంటంతా తాలు లెక్కలోకి పోతుంది. అందుకే పొద్దున మబ్బు కనిపించగానే ఊళ్లో చెయ్యాడే ప్రతి ఒక్కరూ అక్కడికే వచ్చేశారు. ఆ అమ్మాయి కూడా. కాయ కుప్పలు చేసేసి మధ్యాహ్నం బస్సుకి గుంటూరు వద్దామనుకుందట.

నేను సైకిలు దిగి, ఫలానా ఆసుపత్రి నుంచి అని మొదలుపెట్టాను. రైతు వినిపించుకోలేదు. టార్పాలిన్ కొస ఒకటి నా చేతికిచ్చి, "ఎవరైతే ఏంటండీ, ముందు ఇది పట్టుకోండి," అన్నాడు. పట్టుకున్నాను. గాలికి టార్పాలిన్ లేచింది, దానితో మిరప ఘాటూ లేచింది. నాకు తుమ్ములు అందుకున్నాయి. ఆడవాళ్లు పని ఆపకుండానే నా తుమ్ములు లెక్కపెట్టడం మొదలుపెట్టారు. తొమ్మిదో దానికి ఆగాను. వాళ్లలో ఒకావిడ, కాస్త దొడ్డు మనిషి, అందరికంటే నోరున్న మనిషి, నన్ను సైకిలు మీద చూసి ఇన్సూరెన్సాయన అనుకుందట. "ఈ తుమ్ములకి ఆయనకే ఎవరైనా ఇన్సూరెన్సు చెయ్యాలే," అంది.

కుప్పలన్నీ కప్పి, అంచుల మీద రాళ్లు పెట్టేశాక ఇక మబ్బు ఏం చేస్తుందో చూడటం తప్ప పని లేదు. అప్పుడు ఆ అమ్మాయి చేతులు కడుక్కుని నా దగ్గరికి వచ్చి ఎడం చెయ్యి చాపింది.

ముంజేతి లోపలి వైపు, మణికట్టు నుంచి మోచేతి దాకా సగం మేర, ఎర్రగా కందిపోయి, ఉబ్బి, ముట్టుకుంటే వేడిగా ఉంది. స్కేలు పెట్టి చూస్తే ఎరుపు ఒక్కటే నూటపది మిల్లీమీటర్లు. పుస్తకంలో కూడా అలాంటిది చూళ్లేదు. కానీ మాంటూ వాపు గుండ్రంగా వస్తుంది. ఇది గుండ్రంగా లేదు. ఒక వైపు నాలుగు చారలున్నాయి, నాలుగు వేళ్లతో పూసినట్టు.

ఏం రాశావని అడిగాను. ఆ అమ్మాయి తన అమ్మమ్మ వైపు చూసింది. అవ్వ ముందుకొచ్చింది.

"నేనే రాశాను బాబూ. సూది పట్టలేదుగా మరి."

తర్వాత ఆవిడ చెప్పింది విన్నాక నాకు కోపం రావాల్సిన చోట రాలేదు. ఆవిడ చిన్నప్పుడు అమ్మవారి టీకాలు, అంటే మశూచి టీకాలు, వేసేవాళ్లు ఊరికి వచ్చేవారట. టీకా వేసిన చోట పొక్కి, పుండై, చెక్కు కడితేనే పట్టినట్టు. పొక్కకపోతే పట్టలేదని మళ్లీ గీసేవారు. ఆవిడకి మూడుసార్లు గీశారు. జబ్బ మీద రూపాయి బిళ్లంత మచ్చలు చూపించింది. మనవరాలికి సూది వేసిన రెండో రోజు కూడా అయిపోవచ్చింది. చూస్తే పొక్కు లేదు, పుండు లేదు, చిన్న గుబ్బలాంటిది మాత్రం ఉందా లేదా అన్నట్టు ఉంది. పట్టనివాళ్లని ఆసుపత్రిలో ఎలా తీసుకుంటారు? కిందటేడు పోయిన సీటు ఈసారీ పోతుందని ఆవిడకి భయమేసింది. ముందురోజు సాయంత్రం రెండు పచ్చి మిరపపండ్లు నూరి, గింజలతో సహా, ఆ గుబ్బ మీద బాగా పట్టించింది.

"నువ్వెందుకు ఊరుకున్నావు?" అన్నాను ఆ అమ్మాయితో.

"పట్టకపోతే తీసుకోరేమోనని నాకూ అనిపించింది సార్. మూడో రోజు ఏం కొలుస్తారో మీరు చెప్పలేదుగా."

నిజమే, ఆ రోజు వరస గొణిగిందని ఆపేశాను.

దొడ్డావిడ వంగి ఆ చెయ్యి చూసి, "మామిడికాయ ముక్కకి పట్టించినట్టు పట్టించావుగా అత్తా. నూనె పోసి జాడీకెత్తడం ఒక్కటే తక్కువ," అంది. అందరూ నవ్వారు. ఆ అమ్మాయి కూడా నవ్వింది. అవ్వ నవ్వలేదు. నా మొహమే చూస్తూ, "సీటు పోతుందా బాబూ?" అంది.

ఎరుపు తగ్గితే గానీ చెప్పలేనన్నాను. నియమం వివరించాను: పదిలోపు ఉండాలి, ఎక్కువ ఉంటే కష్టం. ఎర్రగా, పెద్దగా ఉంటే మంచిదనుకున్న మనిషికి అది తలకిందులుగా వినిపించింది. ఆవిడ కూలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

మిరపకారం ఏం చేస్తుందో నాకు తెలుసు. అది చర్మం కిందికి నెత్తురు పరిగెత్తిస్తుంది, నీరు చేరుస్తుంది, అంతే. కాస్త ఓపిక పడితే దిగిపోతుంది. మాంటూ గట్టిదనం అలా గంటలో దిగేది కాదు. కాబట్టి చేయాల్సినవి: ఒకటి, కారం తీసెయ్యడం. రెండు, చల్లబరచడం. మూడు, ఆగడం. కారం నీళ్లకి పోదు, నూనెకి పోతుంది. రైతు ఇంటినుంచి వేరుశెనగ నూనె తెప్పించాడు. నూనె దూదితో మెల్లగా తుడిచాం, రుద్దకుండా. కుండలో ఉన్న మజ్జిగ చేతి మీద పోశాం. తర్వాత తడిగుడ్డ. తిరుగు బస్సుకి ప్రత్తిపాడులో మూడున్నరకల్లా ఉండాలి. లెక్కేస్తే ఒక గంట ఆగొచ్చు.

ఆ గంటలోనే నా బాకీ జవాబు చెప్పాను. వినేవాళ్లు ఒకరనుకున్నాను. పదమూడు మందయ్యారు, రైతుతో పద్నాలుగు.

చర్మం కింద కూడా మీలాగే ఏరేవాళ్లు ఉంటారన్నాను. ఊపిరితిత్తుల్లో, కాలేయంలో, ప్రతి చోటా ఉంటారు. లోపలికి రాకూడనిది ఏదొచ్చినా పట్టుకుని మింగేస్తారు. నేను డిప్లొమా చదివేటప్పుడు చీమకుర్తి రాతి క్వారీలో పనిచేసే ఒకతని కళ్లె మైక్రోస్కోపు కింద చూశాను. గుండ్రటి పెద్ద పెద్ద కణాలు, ఒక్కోదాని కడుపు నిండా నల్లటి చుక్కలు. ఒకదాంట్లో లెక్కపెడితే ముప్పై ఒకటి ఉన్నాయి. రాతిపొడి. అరగదు, అయినా మింగి మోసుకెళుతున్నాయి. ఆ రోజు ప్రాక్టికల్ అయిపోయాక కూడా నేను అద్దం మీంచి కన్ను తీయలేదు. అంత శ్రద్ధగా పనిచేసేవాళ్లు నా ఒంట్లో కూడా ఉన్నారని తెలిసి ఏదో ధైర్యంగా అనిపించింది. ఇదంతా వాళ్లకి చెప్పాను.

పేరేంటని దొడ్డావిడ అడిగింది. మాక్రోఫేజ్, అంటే పెద్ద తిండిపోతు అని అర్థమన్నాను.

"మా ఆయనకి ఇంగ్లీషులో పేరుందని నాకు తెలీదే," అంది.

అది గ్రీకు మాటని సరిదిద్దబోయి ఊరుకున్నాను. నవ్వులు ఆగాక ఆ అమ్మాయి అసలు సంగతి పట్టుకుంది. సూదితో వెళ్లిన ప్రొటీన్‌ని కూడా అవి తినేస్తే ఇక గుబ్బ ఎందుకొస్తుందని.

తిని ఊరుకోవు, అదీ వాటి గొప్ప. మింగినదాన్ని ముక్కలు చేసి, ఒక ముక్కని తమ ఒంటి మీదే పైకి పట్టుకుని నిలబడతాయి, చూడండి ఇది దొరికింది అన్నట్టు. లింఫోసైట్లు అనే వేరే కణాలు అటుగా తిరుగుతుంటాయి. వాటిలో ఈ ముక్కని ఎప్పుడో చూసినవి ఏవైనా ఉంటే గుర్తుపడతాయి, కేకేస్తాయి. ఆ కేకకి నెత్తుట్లోంచి ఇంకా ఇంకా తిండిపోతులు దిగివచ్చి ఆ చోట గుమిగూడతాయి. ఆ గుంపే చేతికి గట్టిగా తగిలేది. అందరూ పోగవడానికి రెండు మూడు రోజులు పడుతుంది, అందుకే మూడో రోజు కొలత. ఎరుపు ఎంతున్నా లెక్కలేదు. చెంపదెబ్బకి కూడా ఎరుపొస్తుంది.

"తాలు కాయ ఎత్తి మేస్త్రీకి చూపించినట్టన్నమాట," అంది ఒకావిడ. దాదాపు అంతే. మీరు తాలు కాయలు తినరు, అక్కడే తేడా అన్నాను.

అవ్వ నోటి మీంచి కొంగు తీసింది. "ఎక్కువమంది వస్తే మంచిదేగా బాబూ. మరి పదికి మించి వద్దని మీ మేట్రనమ్మ ఎందుకంటది?"

మంచి ప్రశ్న. ఒకేసారి అంతమంది వచ్చారంటే లోపల ఎక్కడైనా నిజంగా పని ఉందేమో చూసుకోవాలి కదా, అందుకని చెప్పాను. కాయలు కుప్పచేయడానికి ఊరంతా పరిగెత్తితే దారినపోయేవాడు తలెత్తి మబ్బు చూడడా అన్నాను. ఆవిడ నిజంగానే తలెత్తి చూసింది. మబ్బు మమ్మల్ని వదిలేసి దక్షిణం వైపు జారిపోతోంది. మొత్తం మీద పడ్డ చినుకులు నా చొక్కా మీద అయిదారు.

రైతు ఒక టార్పాలిన్ తియ్యబోయాడు. దొడ్డావిడ గద్దించింది. "కాస్త ఆగండి, పిల్ల చెయ్యి కొలవాలి." ఆయన ఆగాడు.

తడిగుడ్డ తీశాను. చారలు పోయాయి. ఎరుపు పలచబడి అంచులు చెదిరిపోయింది. వేలి కొనతో తడిమితే మధ్యలో ఒక్క చోట, గుండ్రంగా, చిన్నగా, గట్టిగా తగిలింది. అదే. కారం కింద అదే ఉంది.

దీన్ని బాల్ పెన్నుతో కొలుస్తారు. కాస్త దూరం నుంచి గుబ్బ వైపు మెల్లగా గీత గీసుకుంటూ రావాలి. మెత్తటి చర్మం మీద పెన్ను జారుతుంది. గట్టిదనం అంచు తగలగానే ఆగుతుంది. ఎదుటి వైపు నుంచి కూడా అలాగే. రెండు గీతల కొసల మధ్య దూరమే సంఖ్య. గీశాను. ఎవరూ దగ్గలేదు, అంత ఘాటులో. స్కేలు పెట్టి చూశాను, మనసులో పెట్టుకున్నాను. కానీ కారం రాసిన చెయ్యి, నాకే నా మీద పూర్తి నమ్మకం కుదర్లేదు. కొలత రెండోసారి వేరే చేత్తో తియ్యాలి. అక్కడ వేరే చెయ్యి ఎవరిది?

గీతలు నూనె దూదితో తుడిచేసి, పెన్నూ స్కేలూ ఆ అమ్మాయికిచ్చాను. నాకెంత వచ్చిందో చెప్పలేదు. ఆమె నేను చేసినట్టే, ఇంకాస్త మెల్లగా, గీత లాక్కుంటూ వచ్చింది. పెన్ను ఆగినప్పుడు ఆమె మొహంలో ఆశ్చర్యం నాకు కనిపించింది.

"ఆగింది సార్. ఇక్కడే ఉన్నారు వాళ్లు."

రెండో వైపు గీసి, స్కేలు పెట్టి, కళ్లు దగ్గరకి తెచ్చి సంఖ్య చదివింది. నా సంఖ్యే. పదికి లోపే.

అవ్వకి అది అర్థమవడానికి ఒక క్షణం పట్టింది. "అంటే పట్టిందా?" అంది. పట్టిందవ్వా, సరిగ్గా ఎంత పట్టాలో అంతే పట్టిందన్నాను. ఆవిడ లేచి, నా రెండు చేతులూ పట్టుకుని, కళ్లు మూసుకుని ప్రభువుకి స్తోత్రం చెప్పింది. పక్కనున్న రైతు కూడా తలపాగా తీసి, తనకి తెలిసిన దేవుడికి దణ్ణం పెట్టాడు, పిల్ల కోసమో మబ్బు పోయినందుకో. తర్వాత మనవరాలి చెయ్యి పట్టుకుని అవ్వ ఆ నీలం గీతల్ని చెరిగిపోకుండా చూడమంది, ఆదివారం గుడిలో అందరికీ చూపించాలట.

ఇక వాళ్లందరూ చేతులు చాపారు, మాకూ గియ్యండని. సూది వెయ్యకుండా గీస్తే ఏమీ ఉండదని చెప్పినా వినలేదు. నలుగురికి గీశాను. ముగ్గురికి పెన్ను ఎక్కడా ఆగలేదు. దొడ్డావిడకి మాత్రం మోచేతి దగ్గర ఒక చోట ఆగింది. దోమకాటు. "చూశారా, నాకూ ఉన్నారు పనివాళ్లు," అని అందరికీ చూపించుకుంది.

రైతు తన ట్రాక్టరు ఎక్కించి, వెనక తొట్టిలో సైకిలు వేసి, దాన్ని షాపులో తనే ఇస్తానని చెప్పి, బస్సు కదులుతుండగా నన్ను దింపాడు. బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఏమరుపాటున కళ్లు నులుముకున్నాను. టార్పాలిన్ పట్టుకున్న చేతులు. గుంటూరు దాకా కన్నీళ్లు ఆగలేదు. పక్కనున్న పెద్దాయన నా భుజం తట్టి, పోయినవాళ్లు మీకేమవుతారని మెల్లగా అడిగాడు.

ఆ అమ్మాయి ఇప్పుడు మా ఆసుపత్రిలోనే స్టాఫ్ నర్సు. సూది వేసేటప్పుడు మూడో రోజు ఏం కొలుస్తామో, ఎందుకు కొలుస్తామో వరసలో ప్రతి ఒక్కరికీ చెప్తుంది. వెనకాల ఎంత గొణిగినా ఆపదు. ఆ చోట ఏమీ రాయకూడదని కూడా చెప్తుంది, ముఖ్యంగా కారం. కారం ఎవరు రాస్తారని వాళ్లు నవ్వుతారు.

ఆ సాయంత్రం అయిదింటికి ఇంకా కాస్త ఉందనగా మేట్రన్ గారి గదిలోకి వెళ్లాను. ఆవిడ నన్ను చూసి కలం కింద పెట్టారు. నా కళ్లు ఎర్రగా వాచి ఉన్నాయి, చొక్కా మీద నూనె మరకలు, మజ్జిగ మరకలు, జుట్టులో మిరప గింజలు.

"ఏమైందయ్యా?"

కథ వద్దన్నారుగా అండీ అన్నాను. ఆవిడ నవ్వాపుకుని మళ్లీ కలం తీసుకున్నారు. సంఖ్య చెప్పాను.

ఏడు మిల్లీమీటర్లు.